సగం రంగు వేసిన మంత్రగత్తె

అరకు రైలు బొర్రా దాటాక, ఎదుటి సీట్లోని పెద్దామె నా వేళ్ళకంటిన రంగు చూసి, "బొమ్మలకి రంగులేత్తావా బాబూ?" అని అడిగింది. బల్ల మీద ఆడే ఆటల్లోని చిన్న బొమ్మలకు వేస్తుంటానన్నాను. ఆమె సంచిలోంచి ఒక చేతిరుమాలు తీసి విప్పింది. అందులో బొటనవేలంత మంత్రగత్తె ఉంది.

బొమ్మ అరచేతిలో నిప్పు పట్టుకుని ఉంది. ఆ వెలుగు పడిన చెంప, భుజం నిజంగా ఎర్రగా కాగుతున్నట్టున్నాయి. నీడ పడాల్సిన రెండో వైపు మాత్రం రంగు లేక బూడిదగా మిగిలిపోయింది.

"మా గుంట ఏసింది, నా కూతురు. ఇంకా నీడలేయాల, ఉండమ్మా అంది. మా టీకొట్లో పాలయిపోనాయి, బేగి తే అని నేనే లేపీసేను. స్కూటీ మీదెల్లింది. మలుపులో లారీ..."

 బొమ్మను నా ముందుకు జరిపి, "మిగిల్నది నువ్వేసేత్తావా?" అంది. తలూపి చెయ్యి చాచాను. ఇవ్వబోయి, బొమ్మను గుండెకు అదుముకుంది.

"వొద్దులే బాబూ. అది ఏసినకాడికే ఉండనీ."

అరకు వస్తుంటే లేచి నిలబడింది. "అదయిపోడానికి ఇంకెంతసేపు పట్టేది?"

"గంట పట్టేదేమోనమ్మా."

"గంటేనా! ఆ గంటసేపు కొట్టు మూసీసినా సరిపోయేది," అంది. రైలాగి అందరూ దిగిపోయినా ఆమె తలుపు దగ్గరే నిలబడి ఉంది.

ఇప్పుడు మా పాప బొమ్మలు వేసుకుంటుంటే అన్నానికి కూడా పిలవను. చల్లారిపోయినా, తనంతట తను లేచేదాకా కూర్చుంటాను.