అమ్మ చీరలో పాలు పితికిన రోజు

నేను పీయూసీ, అంటే ఇంటర్, చదివేటప్పుడు, దసరా సెలవుల్లో అమ్మా నాన్నా మూడు రోజులు తిరుపతికి వెళ్ళారు. మండికల్‌లోని మా ఇంట్లో నేనూ అక్కా మిగిలాం. పాలు పితికి డెయిరీలో పోసే పని నా నెత్తిన పడింది.

మా ఆవు అమ్మకు తప్ప ఎవరికీ పాలివ్వదు. మొదటి రోజే నన్నూ బకెట్టునూ కలిపి తన్నింది. నా నుదురు గుంజకు కొట్టుకుని బొప్పి కట్టింది. గడప మీద కూర్చున్న అక్క ఫోన్‌లోంచి తలెత్తకుండానే "మెల్లిగా పిండల్లరా" అని పాఠం చెప్పింది. అంత తెలిస్తే నువ్వే రా అంటే, తనకు భయమట!

రెండో రోజు చెంబెడు పాలు కూడా రాలేదు.

మూడో రోజు పొద్దున "అమ్మ చీర కట్టుకోని పోరా, ఆ వాసనకి ఇస్తాది" అంది అక్క. పళ్ళు కొరుక్కుంటూ అమ్మ విడిచిన చీర చుట్టుకుని కూర్చున్నాను. ఆవు కదల్లేదు. బకెట్టు నిండింది. అక్క పగలబడి నవ్వుతూ ఫోటో తీసి అమ్మకు పంపేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

వెంటనే అమ్మ ఫోన్ చేసింది. చీర గురించి కాకపోయినా, కనీసం బొప్పి గురించైనా అడుగుతుందనుకున్నాను.

"ఏమిరా, ఆవు అట్ల చిక్కిపోయిండాది? మేత ఏస్తాండారా లేదా?"