కదలని ఎర్ర గీత

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది మనిషికి కాళ్ల కింది నేల మీద ఎంత నమ్మకమో, తన మీద అంతకు రెట్టింపు. ఆ రోజుల్లో నేను పోర్టు వైపు వెళ్లే హైవే గట్టు పక్కన కొత్త వంతెన పనిలో ఉండేవాణ్ణి. అక్కడంతా మెత్తటి బంకమన్ను. అందులోకి కాంక్రీటు పైల్స్‌ను, అంటే పునాది స్తంభాలను, కొట్టి దించుతుంటే ఆ మన్ను ఎటో ఒక పక్కకు తప్పుకోవాలి. ఒకవైపు గట్టు బరువు అడ్డం కాబట్టి రెండోవైపు నేల మెల్లగా పైకి ఉబుకుతుంది. ఉబుకుతోందేమో రోజూ కొలిచి చెప్పడమే నా పని. అందుకు ముందు ఒక కదలని గుర్తు కావాలి, మిగతా ఎత్తులన్నీ దానితో పోల్చడానికి. నేను మూడు లక్షణాలు పెట్టుకుని వెతికాను: గట్టిగా ఉండాలి, దగ్గర్లో ఉండాలి, నీడ ఉండాలి. (మూడోది ఏ పుస్తకంలోనూ లేదు.) మూడూ కుదిరింది దోసెల పిన్ని కొట్టు ముందరి సిమెంటు అరుగుకే. దాని అంచున ఎర్ర గీత గీసి, అదే వరసలో పాతిన మేకులను రోజూ టిఫిను చేస్తూ కొలిచేవాణ్ణి. నేల కదలడం లేదు. ఆ మాటే గర్వంగా పైఅధికారికి పంపేవాణ్ణి.

ఇంతలో అదే అరుగు మీదున్న పిన్ని పెనంలో పిండి ఒకవైపుకు జారడం మొదలుపెట్టింది.

"ఏటి బాబూ ఇది? పెనం మార్సీసినాను, పొయ్యి మార్సీసినాను. హైవేని సూసి దోసె ఊల్లోకి పారిపోతంది!"

నేను చేతులు వెనక్కి కట్టుకుని, అరుగు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి తీర్పు చెప్పాను: "నేల కదల్లేదు పిన్నీ, రోజూ కొలుస్తున్నాను. అరుగే వాలుగా కట్టారు."

కట్టింది ఆవిడ మరిది, తాపీమేస్త్రి. ఆ పక్కనే టీ తాగుతున్నాడు. (నాకు తెలియదు. తెలిసినా చెప్పేవాణ్ణేమో, అదింకా సిగ్గుచేటు.)

"రసమట్టం ఎట్టి మరీ కట్టినాను వదినా!"

"ఎట్టినావులే! సదువుకున్నోడు సెప్తన్నాడు, నువ్వూరుకో."

మాట దువ్వాడ దాకా పాకింది. అక్కడ ఈ మేస్త్రికి ఇల్లు కట్టే పని ఇవ్వబోతున్న ఆసామి, అరుగే కట్టలేనివాడు ఇల్లేం కడతాడని వేరే మేస్త్రిని వెతకడం మొదలుపెట్టాడు. మేస్త్రి నా దగ్గరికొచ్చి, "బాబూ, నీ ఒక్క మాటకి నా సేతిలో పని పోతంది. ఓపాలి మల్లీ సూడు," అన్నాడు. "కొలతలు అబద్ధం చెప్పవు," అన్నాను. ఆ గొంతు తలచుకుంటే ఇప్పటికీ చెవులు కాలతాయి.

ఆ వారమే పైఅధికారి తనిఖీకొచ్చి, దోసె ముందు కూర్చున్నారు. అది ఒక పక్క మందంగా అట్టు, ఇంకో పక్క పలచగా అప్పడం.

"నేల కదల్లేదన్నావు. నీ గుర్తెక్కడయ్యా?"

"మీరు కూర్చున్నది దానిమీదే సార్."

ఆయన పెనాన్ని, పైల్స్‌ను, చివరికి నన్ను చూశారు. "నేలతోపాటు నీ గుర్తూ లేస్తుంటే తేడా ఎలా తెలుస్తుంది? పడవలో కూర్చుని పడవ ఎంత లేచిందో కొలుస్తున్నావు!"

దూరంగా, రాతినేల మీది గుర్తుతో కొలిస్తే, అరుగు పైల్స్ వైపు వేలెడు లేచింది. పని ఆపి పద్ధతి మార్చారు. అరుగును మేస్త్రి చేతే సరిచేయించారు. "సదువుకున్నోడా, సట్నీ కావాలా?" అంది పిన్ని, అందరూ వినేలా.

మేస్త్రి బండి వెనక కూర్చుని దువ్వాడ వెళ్లాను. "అరుగు సరిగ్గానే కట్టారండి. లేపింది మా పైల్స్. కనిపెట్టలేనిది నేను," అని ఆసామి ముందు ఒప్పుకున్నాను. ఆయన మెత్తబడి, పని మేస్త్రికే అన్నాడు. ఆ వెంటనే, "మరి మా స్థలంలో నేలెలా ఉంటుందంటారు?" అని నన్నే అడిగాడు. నేను గొంతు సవరించుకున్నాను. మేస్త్రి నా మోకాలు గట్టిగా నొక్కాడు.

"బాబూ, పని వచ్చీసింది. ఇంక నువ్వేటీ సెప్పకు."

ఇప్పుడు దువ్వాడ మీదుగా వెళ్లినప్పుడల్లా ఆ ఇల్లు కనిపిస్తుంది. ముందు ముఖం వేడెక్కుతుంది, తర్వాత నవ్వొస్తుంది. అంత నిటారుగా లేచిన ఆ గోడలకు నేను చేసిన సాయం ఒక్కటే: ఆ పూట నోరు మూసుకోవడం.