గాలి టెంటూ, గుండ్రటి డోమూ, మా అత్తగారూ

మా అత్తగారు పోయారన్న కబురు అందేసరికి నేను మాడుగులలో ఉన్నాను. స్కూలు వార్షికోత్సవానికి వేసిన డోమ్ టెంటు విప్పిస్తున్నాను. పొద్దున్నే టీ తాగి, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్నారట. మళ్లీ లేవలేదని మా ఆయన ఫోన్లో చెప్పారు. పనివాళ్లు పైపులు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. టెంటు పైగుడ్డ మంచుకి ఇంకా తడిగానే ఉంది. తడిగుడ్డ మడిస్తే బూజు పడుతుందని జీవితమంతా పోరిన మనిషి ఆవిడ. ఆరాకే మడవమని వాళ్లకి అప్పగించి చోడవరం బస్సెక్కాను.

మామగారు పోయినప్పుడు ఆయన అద్దెకిచ్చే షామియానాలు, సరుగుడు కర్రలు, వంటపాత్రలు అన్నీ అమ్మేయమని చుట్టాలు సలహా ఇచ్చారట. ఆవిడ అమ్మలేదు. ఎవరైనా పందిరి కావాలని వస్తే ముందు వాళ్లతో వెళ్లి స్థలం చూసేవారు. మధ్యలో నిలబడి చీరకొంగు చేత్తో ఎత్తి పట్టుకునేవారు. అది ఎటు ఎగిరితే గాలి అటన్నమాట. ఆ తర్వాతే అడిగేవారు, మట్టినేలా, సిమెంటా, కరెంటు ఎక్కడినుంచి, ముసలివాళ్లు ఎంతమంది వస్తారు అని.

ఫంక్షన్ హాళ్లు వచ్చి మా బేరాలు పల్చబడ్డాక అత్తాకోడళ్లం ఇద్దరం విశాఖపట్నంలో కొత్తరకం టెంట్లు చూడ్డానికి వెళ్లాం. ఒకటి గాలి కొట్టి నిలబెట్టేది. రెండోది పైపులు త్రికోణాలుగా బిగించే గుండ్రటి డోమ్. నాకు డోమ్ నచ్చింది, మధ్యలో ఒక్క స్తంభం కూడా అడ్డం రాదు. ఆవిడ గాలి టెంటుని పనసపండుని చూసినట్టు అటూ ఇటూ నొక్కి చూశారు.

"సెరుకు నరుకుడప్పుడు మనకి మనుషులు దొరుకుతారేటే? ఇదైతే ఇద్దరు సాలు" అన్నారు.

మాట సబబే. గాలి టెంటే కొన్నాం.

మొదటి పెద్ద బేరం వడ్డాదిలో ఒక మాస్టారి పెద్దకూతురి రిసెప్షన్. తెల్లటి టెంటు పొలం పక్కన మబ్బుతునకలా ఉందని వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఇంకా పొద్దు గుంకకుండానే కరెంటు పోయింది. జనరేటర్ దగ్గుతుందే గాని అందుకోదు. గాలి కొట్టే మిషను ఆగింది. టెంటు మెల్లగా, నిట్టూర్చినట్టుగా దిగడం మొదలుపెట్టింది.

నేను జనరేటర్ దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ మాత్రం కుర్చీల మధ్యలోంచి వేదిక దగ్గరికి నడిచి వెళ్లారు.

"కంగారు పడకండి బాబూ. ఇది మీద పడిపోదు, దిగుతాదంతే. ముసలోళ్లని ముందు బయటికి ఒగ్గండి" అన్నారు.

కుర్రకారు కుర్చీలెక్కి గుడ్డని చేతులతో ఎత్తి పట్టుకుంటే, ఆ కిందనుంచి జనం వంగి బయటికి వచ్చారు. చివరగా పెళ్లికూతురు వచ్చింది. ఆమె పూలజడకి గుడ్డ తగలకుండా మా అత్తగారు రెండు చేతులూ ఎత్తి పట్టుకుని వెనక్కి వెనక్కి నడిచారు. ఆ పిల్ల నవ్వు ఆపుకోలేకపోతోంది. ఫోటో తీసేవాడు ఆ క్షణాన్ని వదల్లేదు. భోజనాలు ఆరుబయటే అయ్యాయి.

మాస్టారు ఒక్క మాటా అనలేదు. అదే ఆవిడకి ఎక్కువ బాధయింది. మర్నాడు వద్దంటున్నా ఒక్కరే వాళ్లింటికి వెళ్లొచ్చారు. ఏమన్నారని అడిగితే, "తప్పు కరెంటుది కాదు, జనరేటర్ నడిపి సూడకుండా తీసుకెళ్లిన నాది అని సెప్పేను. ఆయన కాఫీ ఇచ్చేరు" అన్నారు, అంతే.

ఆ తర్వాత డోమ్ కూడా కొన్నాం. మొదటిసారి మా పెరట్లో బిగించినప్పుడు పొడుగు పైపు ఉండాల్సిన చోట పొట్టిది పెట్టేశాం. ఆ ఒక్కదానికే మొత్తం ఒక పక్కకి ఒరిగి కూర్చుంది. మధ్యాహ్నం దాకా వెతుక్కున్నాం. ఆవిడ పైపులకి రంగురంగుల టేపులు చుట్టించారు.

"ఇందులో ఏ ఒక్కదాని మీదా బరువంతా ఉండదే. అన్నీ తలో కాస్తా మోస్తాయి" అని మెచ్చుకున్నారు.

ఆ రాత్రి వంకాయలు తరగమని కత్తిపీట మా ఆయన ముందు పెట్టారు. అప్పటినుంచి మా ఇంట్లో అది అలవాటైంది.

అప్పటినుంచి ఏ టెంటు ఎక్కడికో ఆవిడే తేల్చేవారు. కంటి పరీక్షల శిబిరాలకి, పొద్దున్న మొదలై మధ్యాహ్నానికి ముగిసేవాటికి గాలి టెంటు. దానికి మిషన్లు రెండు, ముందురోజే నడిపి చూసిన జనరేటర్ ఒకటి. పెళ్లిళ్లకీ, గాలులు వీచే నెలలకీ డోమ్. సిమెంటు మీదైతే మేకులు దిగవు కాబట్టి చుట్టూ నీళ్ల డ్రమ్ములు కట్టాలి. రోలుగుంటలో ఒకాయన పెళ్లికి గాలి టెంటే కావాలని పట్టుబడితే, బేరం వదులుకున్నారు గాని మాట వదల్లేదు.

కొన్నేళ్లకి వడ్డాది మాస్టారు మళ్లీ మా గుమ్మంలోకి వచ్చారు, చిన్నకూతురిని వెంటబెట్టుకుని. మా అత్తగారు లేచి నిలబడి, అడక్కముందే డోమ్ వేస్తామన్నారు. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది.

"నాకు అక్క పెళ్లి టెంటే కావాలమ్మా" అంది.

అక్క పెళ్లి ఫోటోల్లో వాళ్లింటి గోడకెక్కింది ఒక్కటేనట, మా అత్తగారు గుడ్డ ఎత్తి పట్టుకున్నది. మాస్టారు నవ్వుతూ చేతులు జోడించారు. మా అత్తగారు లోపలికి వెళ్లి, మంచినీళ్లు తెచ్చారు.

ఆ పెళ్లికి గాలి టెంటే వేశాం. జనరేటర్ మొదటినుంచీ నడుస్తూనే ఉంది. మా అత్తగారు మిషన్ల పక్కన కుర్చీ వేసుకుని ఆ రొదలోనే సాయంత్రమంతా కూర్చున్నారు, భోజనానికి పిలిచినా లేవలేదు. చివరికి పెళ్లికూతురే పట్టుచీరతో విస్తరి పట్టుకొచ్చి, పక్కన కూర్చుని తినిపించింది. టెంటు చెక్కు చెదరలేదు.

ఆవిడ నాకు ఎక్కువగా గుర్తొచ్చేది మొన్న వేసవిలో ఒక మధ్యాహ్నం. డోమ్ గుడ్డ కడిగి, ఆరడానికి పెరట్లో బిగించాం. లోపల చల్లగా ఉందని కుర్చీ వేయించుకున్నారు. ఎండ జరిగేకొద్దీ పైపుల నీడలు ఆవిడ చీర మీద పాకుతున్నాయి. బుగ్గన హల్వా ముక్క పెట్టుకుని, కాళ్లు చాపుకుని, ఒక వెలుగు త్రికోణంలోంచి ఇంకో దాంట్లోకి పాదం జరుపుతూ, నేను చూస్తున్నానని తెలియక తనలో తాను నవ్వుకుంటున్నారు.