ఆదివారం వండిన కారాపుల్క్రా

నా నోరు మంచిది కాదని శ్రీకాకుళంలో నా దగ్గర వంట నేర్చుకున్న పిల్లలందరికీ తెలుసు. హోటల్ వంటలు నేర్పే ఒక ప్రైవేటు కాలేజీలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. కత్తి సరిగ్గా పట్టుకోకపోతే గరిటెతో వేళ్ల మీద కొట్టిన రోజులున్నాయి. ఉల్లిపాయలు మాడ్చినవాడి చేత ఆ మాడే తినిపించిన రోజు కూడా ఉంది. అవన్నీ కోపంలో చేసినవి. కోపం దిగాక నేనూ మరచిపోయాను, వాళ్లూ మరచిపోయారు. ఇప్పుడు చెప్పేది మాత్రం కోపంలో చేసింది కాదు. తీరిగ్గా, ఒళ్లు తెలిసే చేశాను.

విదేశీ వంటల పాఠంలో పెరూ దేశపు కూర ఒకటుంది. పేరు కారాపుల్క్రా. ఎండబెట్టిన బంగాళాదుంప ముక్కల్ని దోరగా వేయించి, నానబెట్టి, మాంసం, ఎండుమిరపకాయల ముద్ద, వేయించి నూరిన వేరుశెనగ గుళ్లు వేసి చిక్కగా ఉడికిస్తారు. మా పుస్తకంలో దాని చరిత్ర రెండంటే రెండు లైన్లు. మిగతాదంతా నా సొంత కవిత్వం. స్పెయిన్ దొరలు ఓడల్లో వెళ్లి, అక్కడి జనానికి నాగరికత నేర్పి, దాంతోపాటు ఈ కూర కూడా నేర్పారని ఏటా చెప్పుకొచ్చేదాన్ని. ఒక్కడూ కాదనలేదు. చదివితే కదా కాదనడానికి!

ఒక ఏడాది వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచింది. కళింగపట్నం పిల్ల. తండ్రి సముద్రంలో చేపల వేటకెళ్తాడు, తల్లి ఒడ్డున చేపలు ఎండబెట్టి సంతల్లో అమ్ముతుంది.

"కాదు మేడమ్. ఆ కూర దొరలకంటే ముందే ఉన్నాది" అంది.

"ఏటే? నువ్వెళ్లి సూసొచ్చావా?"

"సదివాను మేడమ్. అక్కడ కొండల మీద రేత్రి మంచుకి దుంపలు గడ్డకట్టిపోతాయంట. తెల్లారి కాళ్లతో తొక్కి, నీరు పిండీసి ఎండబెడతారంట. ఇంకోరకం ఉడకబెట్టి, కోసి ఎండలో ఆరేస్తారంట. పంట లేని రోజులకి దాసుకోడానికి. రాళ్లు నిప్పుల్లో కాల్సి, ఆ రాళ్లు కుండలో పడేసి కూర వండీవారంట. ఆ పేరు కూడా ఆ కాల్సిన రాళ్ల నుంచే వచ్చిందంటారు. దొరలు తరవాతొచ్చారు, పందుల్ని తెచ్చారు. సముద్రం పక్క తోటల్లో పని సెయ్యడానికి ఆఫ్రికా నుంచి బానిసల్ని తెచ్చారు. ఆ ఆడోళ్లే దొరల వంటిళ్లల్లో దీన్ని ఇప్పటి రుచికి తెచ్చారంట. దొరలు నేర్పలేదు మేడమ్, తిన్నారంతే."

క్లాసంతా గొల్లుమంది. ఆ పిల్ల నవ్వలేదు. వెక్కిరించాలని కూడా అనలేదు, అది నాకు అప్పుడే తెలుసు. మధ్యాహ్నం స్టాఫ్ రూములో తలుపేసుకుని ఫోన్‌లో వెతికాను. అక్షరం పొల్లుపోకుండా ఆ పిల్ల చెప్పిందే నిజం. తప్పు చెప్పి ఉంటే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. చేపలమ్మే దాని కూతురు ఒప్పు చెప్పింది, అదీ నలభై మంది ముందు. మాది మెట్టపొలాల్లో వేరుశెనగ పండించే రైతు ఇల్లు. చేపల బుట్టతో వచ్చేవాళ్లని వీధిగుమ్మంలోనే నిలబెట్టే ఇల్లు. ఆ బుద్ధి నాలోనూ ఉంది, దాచుకోను.

మా కాలేజీకి ఏటా ఒకసారి విశాఖపట్నం నుంచి ఇద్దరు వచ్చేవారు. ప్రయాణికుల ఓడల్లో వంటపనికి మనుషుల్ని ఎంచుకునేవాళ్లు. ఒక్కో పిల్లా ఒక విదేశీ వంట వండి, దాని కథ చెప్పాలి. చివరికి తీసుకునేది ఒక్కరినే. ఆ ఒక్కరూ తనే కావాలని ఈ పిల్ల మొదటి ఏడాది నుంచీ కలవరిస్తోంది. "మా అమ్మ సేతులు సూసారా మేడమ్? ఉప్పుకి పగిలి నెత్తురొస్తాయి. నాకు ఓడ దొరికితే ఆవిడ్ని ఇసకలోంచి లేపీస్తాను" అనేది. దానికోసం అరసవల్లి సూర్యనారాయణమూర్తికి మొక్కుకుంది కూడా. ఆదివారం పూట ఉప్పు, నీసు నోటితో ముట్టుకోదు. మా వైపు చాలామంది పాటించే నియమమే అది. ఉప్పు లేని అన్నం, అరటిపండు తిని సాయంత్రం దాకా ఉంటారు.

వంటలు పంచే పని నాది. మిగతావాళ్లకి సూపులు, పాస్తాలు ఇచ్చాను. ఈ పిల్లకి కారాపుల్క్రా ఇచ్చాను.

"నీకంత తెలుసు కదా, నువ్వే వండు."

ఎండు దుంపలు ఇక్కడెక్కడ దొరుకుతాయి? కాళ్లావేళ్లా పడుతుంది, అప్పుడు మారుస్తాను అనుకున్నాను. ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది.

"ఎండబెట్టడం మాకు కొత్తేటి మేడమ్! మా అమ్మ సేత ఆరబెట్టిస్తాను" అంది.

అనడమే కాదు, ఊరెళ్లి దుంపలు ఉడికించి, ముక్కలు కోసి, తల్లికి అప్పగించి హాస్టల్‌కి వచ్చేసింది. ఎండలో వెయ్యమని చెప్పింది కానీ, ఉప్పు వెయ్యొద్దని చెప్పలేదు. ఆ మాట చెప్పాలని కూడా ఆ పిల్లకి తోచలేదు. తల్లికేమో ఉప్పు లేకుండా ఏదైనా ఎండబెట్టడం తెలీదు. పెద్ద చేప కోస్తే కడుపులో ఉప్పు కూరాలి, లేకపోతే పురుగు పడుతుంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆవిడ చేసింది అదే. కూతురి బతుకు ఆ ముక్కల మీద ఉందంటే ఇంకో రెండు గుప్పిళ్లు ఎక్కువే వేసుంటుంది.

ఆ వంటల రోజు ఆదివారం పడింది. పొద్దున్నే తల్లి మొదటి బస్సుకి వచ్చి, గుడ్డసంచీ నా చేతిలో పెట్టి, "పిల్ల గుడికెళ్లిందంట, తవరే ఇచ్చీండమ్మా" అని గేటు బయట నీడలో కూర్చుంది. సంచీ విప్పి ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. ఓలమ్మో! నాలుక కొంకర్లు పోయింది. ముక్కల మీద తెల్లగా పేరుకున్నది ఉప్పే.

అప్పటికింకా మూడు గంటల టైముంది. రెండు మూడు నీళ్లు మార్చి నానబెడితే చాలు. కూరలో విడిగా ఉప్పు వెయ్యకపోతే చాలు. ఆ ముక్క ఉమ్మేసి, సంచీ మూతి కట్టేసి, ఆ పిల్ల బల్ల మీద పెట్టాను.

నుదుటిన కుంకుమతో వచ్చింది. చేప మీద ఉప్పైతే ఆమడ దూరం నుంచి పోల్చేది. దుంప మీది తెలుపు చూసి పిండి అనుకుంది. ముక్కలు వేయించింది, కాసిని నీళ్లల్లో నానేసింది. పంది మాంసం మా కాలేజీలో వండరు కాబట్టి కోడిమాంసం వేసింది, కొలత ప్రకారం ఉప్పూ వేసింది. వేరుశెనగ ముద్ద కలిసేసరికి గదంతా కమ్మటి వాసన. పక్కబల్లల వాళ్లు తొంగిచూశారు. నిజం చెప్తున్నాను, అంత చక్కటి రంగులో ఆ కూర నేను కూడా ఎప్పుడూ దించలేదు.

గరిటెలో కొంచెం పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"ఆదివారం కదా మేడమ్, నేను నోట్లో ఎట్టుకోను. ఒక్కసారి ఉప్పు సూడరా?"

నాలిక్కి రాసుకున్నాను. సముద్రపు నీళ్లు నయం. ఇంకా పావుగంట ఉంది. పొయ్యి పక్కనే ఉడికించిన మామూలు దుంపలున్నాయి, వేణ్ణీళ్లున్నాయి, అవి కలిపితే ఉప్పు విరిగేది. ఆ పిల్ల నా మొహంలోకే చూస్తోంది, కళ్లల్లో భయం, భక్తి.

"సరిపోయింది" అన్నాను.

"అమ్మయ్య!" అని నవ్వి వెళ్లిపోయింది.

విశాఖపట్నం వాళ్లు ఇద్దరూ ముందు కథ విన్నారు. మంచు మీద దుంపలు తొక్కడం, కాలిన రాళ్లు, బానిస ఆడవాళ్లు, అన్నీ చెప్పింది. అందులో ఒకాయన రాసుకోవడం మానేసి మరీ విన్నాడు. తర్వాత చెంచా నోట్లో పెట్టుకున్నాడు. పెట్టుకున్నవాడు పెట్టుకున్నట్టే కాగితంలోకి ఉమ్మేశాడు. రెండో ఆయన దగ్గుకుంటూ నీళ్లు తాగాడు.

"ఓడలో మూడొందల మంది తింటారమ్మా. ఉప్పు చూసుకోనిదానివి వంటమనిషివేంటి?"

ఆ పిల్ల నా వైపు తిరిగింది. నేను గోడ మీద గడియారం చూస్తున్నాను. నా పేరు చెబుతుందని ఒళ్లంతా చెవులు చేసుకుని ఉన్నాను.

"తప్పు నాదే సార్. వ్రతం వల్ల రుచి సూడలేదు" అంది.

పాస్తా వండినవాడిని ఎంచుకుని వాళ్లు కారెక్కారు. తర్వాతి ఏడు నుంచి మా కాలేజీకి రావడం కూడా మానేశారు.

గేటు దగ్గర తల్లి లేచి నిలబడింది. కూతురు ఇంకా గిన్నెలు కడుగుతోంది. "ఏటయ్యిందమ్మా? వచ్చిందా ఓడ?" అని నన్నే అడిగింది. ఊరుకుంటే పోయేది. ఊరుకోలేదు. లోపల ఎక్కడో తప్పు తన్నుతున్నప్పుడే నా నోరు మరీ పేట్రేగుతుంది.

"దుంపలకి ఉప్పెవరెయ్యమన్నారు నిన్ను? అవేటి, చేపలా? నీ ఉప్పే నీ కూతురి నోట్లో మన్ను కొట్టింది."

ఆవిడ ముందు తన చేతులకేసి చూసుకుంది. తర్వాత ఆ చేతుల్తోనే చెంపలు వాయించుకోవడం మొదలుపెట్టింది. వాచ్‌మన్ ఆపబోతే విదిలించుకుంది. కూతురు పరిగెత్తుకొచ్చి రెండు చేతులూ పట్టుకుని, "అమ్మా, అమ్మా, ఉప్పు నాదే, నేనే ఏసాను" అని అరిచింది. ఆవిడ వినలేదు.

తల్లిని మెట్టు మీద కూర్చోబెట్టి నా దగ్గరికొచ్చింది. ఏడవలేదు.

"మీరు రుచి సూసారని మా అమ్మకి సెప్పను మేడమ్. సెప్తే ఇప్పుడే వచ్చి మీ కాళ్లు పట్టుకుని అడుగుతాది, ఎందుకలా సేసారని. మీరేటి సెప్తారు?"

మళ్లీ ఆ పిల్ల కాలేజీకి రాలేదు. రొయ్యలు ఒలిచే షెడ్డులో చేరిందని తోటి పిల్లలు చెప్పారు.

అది జరిగిన ఏడాదికి కళింగపట్నం వెళ్లాను. ఆ తల్లికి చెప్పేద్దామనే వెళ్లాను, సిగ్గు విడిచి. బస్సులో మాటలు కూడా కూర్చుకున్నాను. ఆవిడ ఇసుకలో వంగి, ఎండేసిన నెత్తళ్ల చేపల్ని తిరగేస్తోంది. నన్ను పోల్చి, గబగబా చేతులు చీరకి తుడుచుకుని దండం పెట్టింది. సగం మనిషైపోయింది. చుట్టుపక్కల ఆడవాళ్లు వింటారేమోనని నన్ను పడవ చాటుకి తీసుకెళ్లింది.

"మేడమ్ గోరూ, ఒక్క దయ సెయ్యండమ్మా. నా ఉప్పు వల్లే పిల్ల బతుకు పోయిందని మా వోళ్లెవరికీ తెల్దు. మా ఇంటాయనకీ తెల్దు. తవరికే తెలుసు. ఎవరితోటీ అనకండి తల్లీ."

ఇదే సమయం. "నేను రుచి చూశాను, నీ తప్పేం లేదు" అంటే చాలు, నాలుగు మాటలు. ఆవిడ ముడుచుకుపోయి, చేతులు జోడించి, నా నోటికేసి చూస్తోంది.

"ఎవరికీ సెప్పన్లే" అన్నాను.

నా చేతులు కళ్లకద్దుకుంది. వద్దంటున్నా వినకుండా మంచి నెత్తళ్లు ఏరి, పొట్లం కట్టి ఇచ్చింది. తీసుకుని బస్సెక్కాను.