పట్టపగలు గెలిచిన నేల

కోటబొమ్మాళి స్టేషన్ బయట టీకొట్టు బల్ల మీద మా మావ ఒలికిన టీతో దేశాల పటాలు గీసేవాడు. వరుసకు మావే గానీ, ఆయనంటే నాకు వీసమెత్తు గౌరవం లేదు. టీవీలో ఏ దేశం పక్కదేశాన్ని ఓడించి నేల కలుపుకున్నా, ఆయన వేలు గెలిచినవాడి గీతనే ముందుకు జరిపేది.

"అది దొంగతనం కాదా మావా?" అన్నాను ఒకసారి.

"ఒరే, దొంగతనం సాటుగా సేస్తారు. పదిమంది సూస్తుండగా, పట్టపగలు గెలుసుకున్నది దొంగసొత్తు ఎలాగవుతాది?" అన్నాడు మీసం తుడుచుకుంటూ.

ఏటా దుక్కుల సమయంలో, పక్క రైతు చూస్తుండగానే గట్టు చెక్కి తన మడిలో కలుపుకునే పెద్దమనిషి మరి ఇంకేమంటాడు?

ఈ ఏడు ఆ రైతు తమ్ముళ్లతో కర్రలు పట్టుకుని వచ్చాడు. మావను గట్టు మీంచి తోసేసి, పోయిన నేలతోపాటు మావ నేల కూడా కొంత కలిపేసుకున్నాడు. మావ బురదకాళ్లతో టీకొట్టుకు పరిగెత్తుకొచ్చాడు.

"దొంగనాయాళ్లు! నా బూమి దొబ్బేసారురా!"

"ఎవులైనా సూసారా మావా?"

"ఏటలాగంతావు? పట్టపగలు! ఊరంతా సూసినాది!"

నా గ్లాసులో టీ కాస్త బల్ల మీద ఒలికించి, "గియ్యి మావా" అన్నాను.