నల్లనూనెకు తీగ పాకం

పటాన్‌చెరు దగ్గర మా యూనిట్‌కు వచ్చే సరుకును నూనె అనడానికి నాకు మనసొప్పదు. ఫ్యాక్టరీల ట్యాంకుల అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న నల్లటి మడ్డి అది. అందులోని నీళ్లూ మన్నూ తీసేసి, మళ్లీ మండే నూనెగా మార్చడం మా పని. ఆ మడ్డి పంపులోకి కదలాలంటే ట్యాంకు మొత్తాన్ని ఆవిరితో వేడి చేయాలి. అందుకోసం బాయిలర్ పొద్దస్తమానం మండేది. నూనె తీయడానికి అంత ఇంధనం తగలబెడుతుంటే నాకు ఒళ్లు మండిపోయేది.

నేను ల్యాబ్‌లో కెమిస్టును. మడ్డిలోంచి ముందుగా తీసిన పల్చటి నూనెనే కాస్త తిరిగి కలిపి, నూనె బయటికొచ్చే మూలను మాత్రం వెచ్చబెడితే చాలని సీసాల్లో చేసి చూపించాను. మా ఓనర్ ఒక్క రోజు ఇచ్చాడు. "అయితే అయింది, లేకుంటే పాత పద్ధతే," అన్నాడు.

ఎగురుకుంటూ వెళ్లి బాయిలర్ ఆపరేటర్‌కు చెప్పాను. పక్కనున్న లక్డారం ఊరి మనిషి, మా నాన్న వయసువాడు. సంబరపడతాడనుకున్నాను.

"మంచిదే మేడం. మరి బాయిలర్ బంద్ అయితే నేనేం జెయ్యాలె?"

ఆవిరి గురించి అంత ఆలోచించినదాన్ని, ఈ మనిషి గురించి ఒక్కసారీ ఆలోచించలేదు. సిగ్గేసింది. సిగ్గేస్తే నాకు కోపమొస్తుంది, అదొక జబ్బు. "ఏదో ఒకటి చూద్దాం అన్నా," అని విసురుగా వచ్చేశాను.

ట్రయల్ రోజు మధ్యాహ్నానికి నా నమూనా పల్చగా వచ్చింది. చిక్కదనం కొలిచే మీటర్ నేను కోరుకున్న అంకే చూపించింది. పంపు వేయమని కేకేశాను.

ఆపరేటర్ అడ్డం వచ్చాడు. "జెర ఆగుండ్రి మేడం."

పొడవాటి ఇనుప కడ్డీని ట్యాంకు అడుగుదాకా దించి పైకి తీశాడు. కొస నుంచి నూనె ముద్దలుగా తెగిపడింది. "సూసిన్రా? ఇది ఇంకా ఉండ పాకమే. మీరు పైపైన తీసిన్రు. అడుగున కలవనే లేదు. ఇప్పుడేస్తే పంపు జామ్ అయితది."

చిన్నప్పుడు వాళ్లింట్లో చెరుకు రసం కాచి బెల్లం వండేవారట. పాకం చూసే కన్ను ఆయనకు అక్కడే అబ్బింది.

పంపు జామ్ అయితే మర్నాటి నుంచి మళ్లీ పాత పద్ధతే, బాయిలర్ మండేది, ఆయన ఉద్యోగం నిలబడేది. ఆయన అడ్డం రాకుండా ఊరుకుంటే చాలు. ఉండబట్టలేక ఆ మాటే అడిగేశాను.

"పాడైతదని తెల్సి ఎట్ల ఊకుంట మేడం? మీ మీటర్‌కు జెర బెల్లం తినిపియ్యుండ్రి," అని నవ్వాడు.

ఇంకో రెండు గంటలు కలిపాం. కడ్డీ మళ్లీ దించాడు. ఈసారి నూనె తెగకుండా సన్నగా జారింది. "ఇగ తీగొచ్చింది. ఎయ్యుండ్రి!" పంపు తిరిగింది. పైపులోంచి నల్లనూనె ధారగా వచ్చి పడుతుంటే నాకు ఏడుపొచ్చింది.

బాయిలర్ ఒక్క షిఫ్టుకు తగ్గింది. ఆ రోజే ఓనర్ దగ్గరికి వెళ్లి, అడుగు చూసే మనిషి లేకుండా ఇకమీదట నేను పంపు వేయించనన్నాను.

"మీటర్ ఉంది కదమ్మా?"

"మీటర్ బాగానే ఉంది సార్. తప్పు చేసింది నేను."

ఆయన సరేనని, ఆ పని ఆపరేటర్‌కే అప్పగించాడు. కొత్త లాగ్‌బుక్కులో గళ్ల పేర్లన్నీ ఇంగ్లిషులో ఉన్నాయి. చివరి గడికి మాత్రం తెలుగులో 'పాకం' అని అచ్చు వేయించాను. ఓనర్ నవ్వాడు. నేను ఆ మాట తీయనివ్వలేదు.

మొదటి పేజీ ఆపరేటర్ ముందు పెట్టాను. చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని, ఆ అక్షరాల మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదివాడు.

"నా పేరు లేదు గని మేడం, నా మాట ఉన్నది."

కడ్డీ దించి చూసి, ఆ గడిలో 'తీగ' అని రాసి, పంపు వేయమని నాకే చెప్పాడు.