ఫర్నేసు, ఎయిర్ హ్యాండ్లరు, గ్రేసమ్మక్క

ఈ ఉదయం ఈ ఏడాదికి మొదటిసారి హీటింగ్ వేశాను. సీలింగు జాలీలోంచి ముందు వెచ్చటి దుమ్ము వాసన, దాని వెనకే సన్నగా ఎండుమిర్చి ఘాటు వచ్చాయి. వంటింట్లో విమల పప్పుకు తాలింపు పెడుతోంది. అక్కడ ఆమె, ఇక్కడ నేను ఒకేసారి తుమ్మాం. “గ్రేసమ్మక్క పలకరించింది,” అంది విమల.

పామర్‌స్టన్ నార్త్‌లో మా వెనకవీధిలో ఉండేది గ్రేసమ్మక్క. బాపట్ల ఆవిడ. ఆసుపత్రిలో నా భార్య విమల పనిచేసే వార్డుకు సీనియర్ నర్సు. నన్ను మామూలుగా “తమ్ముడూ” అనేది. ప్రసాదరావు గారూ అని పిలిచిందంటే నేనేదో తప్పు చేశానని అర్థం. రెండువేల తర్వాతి తొలి సంవత్సరాల్లో మేము పాత చెక్క ఇల్లొకటి కొన్నాం. అందులో బయటికన్నా లోపలే చలి ఎక్కువనిపించేది. విమలవి రాత్రి డ్యూటీలు. ఉదయం ఎనిమిదికి వచ్చి, స్వెట్టరు, సాక్సులు, మంకీ క్యాపు వేసుకుని పడుకునేది. రెండో చలికాలం చివర్లో ఒకరోజు టీ తాగుతూ, “ఇంకో చలికాలం ఇలాగే అయితే నేను ఆక్లాండ్‌లో, మౌంట్ రాస్కిల్‌లో ఉన్న చెల్లి దగ్గరికి వెళ్ళిపోతా. మీరు మీ థర్మామీటరుతో కాపురం చేయండి,” అంది. హాస్యమనుకునేవాణ్ణే. కానీ ఆక్లాండ్ ఉద్యోగం దరఖాస్తు నింపేసి, ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టింది.

థర్మామీటరు సంగతి చెప్పాలి. పద్ధతి లేకుండా నేను గొడుగు కూడా కొనను. ఇంటికంతటికీ గొట్టాల ద్వారా వేడిగాలి పంపే ఏర్పాట్లు రెండున్నాయి. ఫర్నేసులో గ్యాసు మండి గాలిని వేడి చేస్తుంది. ఎయిర్ హ్యాండ్లరులో మంట ఉండదు. ఇంటి బయట పెట్టిన యంత్రం నుంచి వేడి దానికి అందుతుంది. ఏది మంచిదో తేల్చడానికి రెండు చలికాలాలు రోజుకు మూడుసార్లు గదిగదికీ తిరిగి వేడి కొలిచి డైరీలో రాశాను. ఒక పేజీలో ఫర్నేసు గెలిచేది, మర్నాటి పేజీలో ఎయిర్ హ్యాండ్లరు. నేను నిష్పక్షపాతంగా ఉన్నానని సంతోషించేవాణ్ణి.

ఫ్రిజ్ మీది కాగితం చూశాక డైరీ పట్టుకుని, విమలను వెంటబెట్టుకుని గ్రేసమ్మక్క దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ఇంట్లో గ్యాసు ఫర్నేసు ఉంది. నా వాదనంతా విని, “మీరిద్దరూ వెళ్ళి బెడ్‌రూములో కూర్చోండి, తలుపేసుకోండి,” అంది. కూర్చున్నాం. రెండు నిమిషాల్లో పై జాలీలోంచి ఘాటు దిగింది. కళ్ళవెంట నీళ్ళు, దగ్గు, తుమ్ములు. తలుపు తీసుకుని బయటపడేసరికి ఆవిడ ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుని, ఎండుమిరపకాయలు మాడుతున్న గరిట పట్టుకుని నిలబడి ఉంది.

“చూశావా తమ్ముడూ? గాలి పీల్చే జాలీ నా వంటింటి గుమ్మం ఎదురుగా బిగించి పోయారు. నేను తాలింపు పెడితే ఇల్లంతా తాలింపే. నీది ఏ పెట్టె అయినా పీల్చేది పీలుస్తుంది, ఊదేది ఊదుతుంది. జాలీ ఎక్కడ పెడతారని అడిగావా?”

అడగలేదు. ఆవిడ డైరీ లాక్కుని, పేషెంటు ఛార్టు చదివినట్టు వేలు పెట్టి చదివింది. ఒకచోట వేలు ఆగింది.

“హాలు ఉంది, వంటిల్లు ఉంది, కారు షెడ్డు కూడా ఉంది. పగటిపూట మీ బెడ్‌రూము గడిలో అన్నీ గీతలేంటి?”

“విమల నిద్రపోతుంటుంది కదక్కా. లోపలికెళితే లేస్తుందని.”

“అంటే చలి వెళ్ళొచ్చు, నువ్వెళ్ళకూడదు. పోనీ, లేచాక ఎలా ఉందే అని ఎప్పుడైనా అడిగావా, ప్రసాదరావు గారూ?”

ఆ పిలుపు విని విమల నవ్వు ఆపుకోలేకపోయింది. రెండు చలికాలాల లెక్క, ఆ లెక్క ఎవరికోసమో ఆ మనిషి గడి ఖాళీ. గ్రేసమ్మక్క విమల వైపు తిరిగి, “నువ్వు చెప్పవే. నీకేం కావాలి?” అంది.

“చలికి ఎలాగో మంకీ క్యాపుంది అక్కా,” అంది విమల. “వేసవిలో చావొచ్చేది. పడమటెండ నేరుగా ఆ గదిలోకే. మధ్యాహ్నం రెండైతే నిద్రుండదు, మళ్ళీ రాత్రి డ్యూటీ. ఈయన డైరీలో వేసవే లేదు.”

నిజమే. చలి తగ్గగానే డైరీ మూసేవాణ్ణి. ఫర్నేసు వేడి చేయడమే తప్ప చల్లబరచలేదు. బయటి యంత్రంతో పనిచేసే ఎయిర్ హ్యాండ్లరు రెండూ చేస్తుంది. రెండేళ్ళుగా తేలనిది విమల నాలుగు ముక్కల్లో తేల్చేసింది. బయటి యంత్రం చప్పుడు ఆమె నిద్రకు తగలకుండా దాన్ని షెడ్డు పక్కనా, గాలి పీల్చే జాలీని వంటింటికి దూరంగా నడవ చివరా పెట్టించాం. బిగించడానికి వచ్చినవాళ్ళ ముందు గ్రేసమ్మక్క గరిటతో నిలబడి, జాలీ చోటు మార్చే ఆలోచన వాళ్ళకు రాకుండా చూసింది. దరఖాస్తు ఫ్రిజ్ మీదే ఇంకో నెలుంది. తర్వాత విమల దాని వెనకవైపు సామాన్ల చీటీ రాసింది.

గ్రేసమ్మక్క ఇప్పుడు లేదు. విమల రిటైరై రాత్రిళ్ళే నిద్రపోతోంది. నా డైరీ మాత్రం ఆగలేదు. అందులో మొదటి గడి ఇప్పుడు గదిది కాదు, విమలది. ఈ ఉదయం తుమ్ములయ్యాక అడిగాను. “ఇంకా చలిగానే ఉంది,” అంది. థర్మామీటరు వెచ్చగా ఇరవై ఒక డిగ్రీలు చూపిస్తోందని అప్పటికే రాశాను. ‘చలి’ అని రాసుకుని, ఇరవై ఒకటిని కొట్టేశాను.